కండక్టర్ సంచిలో వచ్చిన గొంతు

మంత్రసాని అవ్వ పోయిందన్న సంగతి నాకు నాలుగో రోజున తెలిసింది. ఒకప్పుడు మా ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దమనిషి జనగామలో మా ఇంటికొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గడప దగ్గరే నిలబడి, "అవ్వ పోయింది డాక్టరమ్మా. సోమవారం పొద్దుగాల. మీకెవరు చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. అవ్వ ఊరివాళ్ల దగ్గర నా ఫోన్ నంబరు లేక కాదు, చెప్పాలని అనిపించి ఉండదు. అందుకు వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఆమె ఎవరో మీలో చాలామందికి తెలియదు. టేకుమట్ల దాటి అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆమె పురుళ్లు పోసేది. ఆమె ఫోటో ఏ పత్రికలోనూ రాలేదు. ఆమె చేతుల్లో మొదటిసారి ఏడ్చిన వాళ్లు ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు బావుల్లోకి దిగుతున్నారు, మరిపెడ దాకా పోయి మిర్చి అమ్ముకుంటున్నారు, పంచాయతీల్లో సర్పంచులుగా తిరుగుతున్నారు. వాళ్లలో ఎంతమంది చివరి చూపుకు వచ్చారో నాకు తెలియదు.

నేను ఆమె గురించి రాయడానికి రెండు కారణాలు. కాలేజీ నాకు డాక్టరు పట్టా ఇచ్చింది గానీ, నన్ను పనికొచ్చే డాక్టర్ని చేసింది ఆమె. ఇది ఒకటి. రెండోది, నలభై ఏళ్లకు పైగా ఆమె నెత్తిన మోసిన ఒక నింద నాది. ఆమె బతికుండగా ఆ మాట నలుగురిలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పోయాక చెప్పడంలో గొప్పేమీ లేదు. అయినా చెప్పకపోతే ఈ నాలుగు కాగితాలూ అబద్ధమవుతాయి.

నేను జనగామ పిల్లను. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని బడులు మూతపడ్డ ఏడాది హైస్కూల్లో ఉన్నాను. ఊరేగింపుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న బ్యాచ్ మాది. ఆ తర్వాత మెడికల్ కాలేజీలో నేను 'గిట్ల' అంటే చాలు, కోస్తా నుంచి వచ్చిన అమ్మాయిలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. సినిమాల్లో తాగుబోతుకూ రౌడీకీ పెట్టే యాస అది. రెండేళ్లు తిరిగేసరికి నా నాలుకను నేనే ఇస్త్రీ చేసుకున్నాను. ఎనభైల మొదట్లో టేకుమట్ల దిక్కు ఆ ఆరోగ్య కేంద్రంలో చేరేనాటికి రేడియోలో వార్తలు చదివే మనిషిలా మాట్లాడేదాన్ని.

రెండు గదుల కేంద్రం, ఎప్పుడు కదులుతుందో తెలియని ఒక జీపు, చుట్టూ పది ఊళ్లు. టెలిఫోను పోస్టాఫీసులో ఉండేది గానీ వానాకాలం మొదలైతే అది మూగదే. అప్పట్లో ప్రభుత్వం ఊరికొక మనిషిని ఎంచుకుని, కాస్త శిక్షణ ఇచ్చి, మాత్రల సంచి చేతికిచ్చి ఆరోగ్య కార్యకర్త అనేది. అవ్వ ఊళ్లో చదువుకున్న ఆడవాళ్లెవరూ ముందుకు రాలేదు. దాంతో మంత్రసానినే రాసుకున్నారు. ఆమెకు అక్షరం ముక్క రాదు.

శిక్షణ మొదటిరోజు గోడకు బొమ్మల చార్టు తగిలించి గంటసేపు చెప్పాను. రక్తస్రావం, రక్తహీనత, గర్భస్థ శిశువు అంటూ నా ధోరణిలో నేను పోతున్నాను. వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వను, "అర్థమైందా?" అని అడిగాను.

"నీ మాటలు మస్తుగున్నయి బిడ్డా. పాట ఇన్నట్టే ఉన్నది" అంది. "జర సమజయితె ఇంకా మంచిగుండు."

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం రెండు నెలలు ఉంది. కడుపులో బిడ్డ ఎదురు కాళ్లు తిరిగిన ఒక గొల్లామె నొప్పులతో మా కేంద్రానికి వచ్చిన రోజు అది పోయింది. నేను తడుముకుంటుంటే, ఆమెతో పాటు వచ్చిన అవ్వ నా పక్కకు జరిగి, నన్ను తోసేయకుండా, నా మణికట్టు పట్టుకుని ఎటు తిప్పాలో అటు తిప్పించింది. "నువ్వు పుస్తకంల చూస్తున్నవ్. కండ్లు మూసుకో. చెయ్యే చూస్తది" అంది మెల్లగా. బయట కూర్చున్న వాళ్లకు మాత్రం, "డాక్టరమ్మనే తీసింది" అని చెప్పింది. తల్లి గంజి తాగేదాకా తాను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. అది ఆమె పద్ధతి. పెద్ద ఇళ్లలో పురుడు పోసేంత వరకు లోపలికి రానిచ్చి, బొడ్డు కోశాక వాకిట్లో అన్నం పెట్టేవాళ్లు. ఆ ఇళ్లలోనూ ఆమె పద్ధతి అదే. నాకు ఒళ్లు మండి ఏదో అనబోతే, "నీ లొల్లి పక్కకు పెట్టు. లోపల పొల్ల నిద్రపోయింది" అని నా నోరు మూయించింది.

ఊళ్లో ఎవరికి ఎన్నో నెలో ఆమె దారాలతో గుర్తు పెట్టుకునేది. ఇంటి వాసానికి వరసగా దారాలు వేలాడేవి, మనిషికొకటి. అమావాస్య దాటగానే ఒక్కో దారానికి ఒక్కో ముడి. తొమ్మిదో ముడి పడ్డ దారం తెగ్గొట్టి పొయ్యిలో వేసేది. మా రిజిస్టరులో తప్పులు దొరికేవి గానీ ఆ దారాల్లో నాకు ఎన్నడూ దొరకలేదు.

టేప్ రికార్డరు ఆలోచన నాది అని పై అధికారులు అనుకున్నారు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నిజానికి అది అవ్వది. వాళ్ల ఊరి నుంచి దుబాయి పోయినవాడు ఒకడుండేవాడు. అతనికి రాయడం రాదు, భార్యకు చదవడం రాదు. అతను క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. క్యాసెట్టు వచ్చిందంటే వాడకట్టు మొత్తం ఆ ఇంటి అరుగు మీదే. ఒకరోజు అవ్వ పనిగట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"దుబాయోడు పెండ్లాంతోని పెట్టెల మాట్లాడుతడు బిడ్డా. ఆ మాట సముద్రం దాటి వస్తది. నా మాట నాలుగు కోసులు దాటి నీ తానకు రాదా?"

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత జనగామ పోయినప్పుడు మా అన్న పాటల కోసం కొనుక్కున్న టేప్ రికార్డరు ఎత్తుకొచ్చాను. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అవ్వకు ఆ దుబాయి ఇంటి రికార్డరు ఉండనే ఉంది. ఆమె క్యాసెట్లో మాట్లాడి, రోడ్డు మీది స్టేజీ దగ్గర పొద్దుటి బస్సు కండక్టరుకు ఇచ్చేది. అతను తోలు సంచిలో చిల్లర మధ్య వేసుకుని పదింటికి నా బల్ల మీద పెట్టేవాడు. "డాక్టరమ్మా, మీ అవ్వ వచ్చింది" అనేవాడు, మనిషే దిగినట్టు. నాలుగింటికి అదే బస్సు తిరిగొచ్చేది. ఆలోపు నేను విని, జవాబు చెప్పి, క్యాసెట్టు తిరిగి ఇవ్వాలి. ఊరికి ఒక్క క్యాసెట్టే. అందుకని మొదటికి తిప్పి, ప్రశ్న మీదనే జవాబు రికార్డు చేసేదాన్ని. ఆమె దాని మీద మళ్లీ మాట్లాడేది. ఏడాది తిరిగేలోపు మరో మూడు ఊళ్ల కార్యకర్తలు అట్లాగే పంపడం మొదలుపెట్టారు.

నా మొదటి జవాబు విని ఆమె పంపిన మాట ఇప్పటికీ గుర్తుంది. "గదేం మాట బిడ్డా, ఊళ్లె ఆడోళ్లంత వార్తలు అనుకొని లేసిపోయిన్రు. నీ అవ్వతోని ఎట్ల మాట్లాడుతవో గట్ల మాట్లాడు." కాలేజీలో పోగొట్టుకున్న నా యాస అట్లా ఆ క్యాసెట్లోకే తిరిగొచ్చింది. రోగులు నా ముందు నోరు విప్పడం ఆ తర్వాతే మొదలైంది.

అవ్వ క్యాసెట్టు వినడం అంత తేలిక కాదు. ఎవరి కోడె తప్పిపోయింది, ఎవరు ఎవరిని తిట్టారు, వాన ఎటు మబ్బు పట్టింది, అన్నీ వచ్చేవి. అసలు సంగతి చిట్టచివర. మొదట్లో విసుక్కునేదాన్ని. ఒకసారి ముఖం మీదే అడిగాను, ముఖ్యమైనది ముందే చెప్పొచ్చు కదా అని.

"కడుపుతోని ఉన్న పొల్ల పక్కకు కూసొని ఉంటది. దాని ముంగట మొదలే కీడు మాట తీస్తనా? ముందుగాల దాన్ని మాట్లాడనిస్త. మాట్లాడినంక బర్రె సంగతో దూడ సంగతో ఎత్తుకుంట. అది బోరయి లేసిపోతది. అప్పుడు చెప్త నీకు" అంది.

కనుక నాకు తెలుసు. క్యాసెట్లో బర్రె సంగతి మొదలైందంటే, గర్భిణి లేచి అవతలికి పోవడానికి అవ్వ సమయం ఇస్తోందని అర్థం. ఆ వెంటనే అసలు మాట వస్తుంది. ఇది తెలియక చేసిన తప్పని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ రోజు మా కేంద్రంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు. పొద్దుటి నుంచి నడుం వాల్చలేదు. అవ్వ ఊరికి వెళ్లాల్సిన నర్సు తానే కాన్పు సెలవులో ఉంది. పదింటికి వచ్చిన క్యాసెట్టు బల్ల మీద అట్లాగే పడి ఉంది. నాలుగు కావస్తుంటే గుర్తొచ్చి వేశాను. మొదట వినిపించింది అవ్వ కోడలు. ఎనిమిదో నెల, తొలిచూలు. "డాక్టరమ్మా, దండం. నా కాళ్లు ఉబ్బినయి. చెప్పులు పడుతలేవు" అని ఏదో అంటోంది. ఆ తర్వాత అవ్వ గొంతు. "ఇగ మా బర్రె ఉన్నది చూడు బిడ్డా, నిన్న పాలు చేపలే..."

బయట బస్సు డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నేను క్యాసెట్టు ఆపి, మొదటికి తిప్పి మాట్లాడాను. "కాళ్ల వాపు ఈ నెలల్ల వస్తనే ఉంటది. ఉప్పు తక్కువ తినుమను. కాళ్ల కింద దిండు పెట్టుకొని పండుమను. భయపడేది ఏం లేదవ్వా." ఒక నిమిషం కూడా పట్టలేదు. కాంపౌండరు పరుగెత్తి కండక్టరుకు ఇచ్చొచ్చాడు.

మూడో రోజు పొద్దున ఆ కోడల్ని ఎడ్లబండిలో తీసుకొచ్చారు. దారిలోనే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. నాకు చేతనైంది చేశాను. బిడ్డ బయటపడింది, ఆడపిల్ల, పిడికెడంత. వరంగల్ తీసుకుపోవడానికి జీపు బయలుదేరదీసేలోపే తల్లి పోయింది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అవ్వ ఏడవలేదు. బిడ్డను రొమ్ముకు ఆనించి పైనుంచి కొంగుతో గట్టిగా కట్టుకుంది. శవం పక్కన బండెక్కేటప్పుడు కూడా ఆ కట్టు విప్పలేదు.

పది పన్నెండు రోజులకు పై నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. నేను కుర్చీలో కూర్చున్నాను, అవ్వ గుమ్మం దగ్గర నిలబడింది, బిడ్డ అట్లాగే రొమ్మున ఉంది. ఆయన నన్ను అడిగాడు. కాళ్ల వాపు గురించి మాత్రమే నాకు చెప్పారని అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. అవ్వ కొడుకు అడ్డుపడి, తలనొప్పి, కళ్లు మసకలు ముందునుంచే ఉన్నాయని గట్టిగా అన్నాడు. కాళ్ల వాపుకు ఆ రెండూ తోడైతే ఫిట్స్ వచ్చే ప్రమాదమని ఏ డాక్టరుకైనా తెలుసు. అధికారి అవ్వ వైపు తిరిగి, "ఆ సంగతి డాక్టరు గారికి చెప్పావా?" అన్నాడు.

అవ్వ నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"లేదు సార్. యాదికి రాలే" అంది.

నా గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. ఆమె కార్యకర్త పని పోయింది, మాత్రల సంచి వెనక్కి తీసుకున్నారు. ఆమె కొడుకు ఆ వాకిట్లోనే, అందరి ముందే, "నా పెండ్లాన్ని సంపినవ్" అన్నాడు. ఆ నెలలోనే బొంబాయి దిక్కు పోయాడు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం అవ్వ మా క్వార్టరుకు వచ్చింది. ఒక చంకలో బిడ్డ, రెండో చేతిలో దుబాయి ఇంటి రికార్డరు. ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి మీట నొక్కింది. నా గొంతు వచ్చింది. ఉప్పు తక్కువ, కాళ్ల కింద దిండు, భయపడేది ఏం లేదవ్వా. టక్కుమని చప్పుడు. నా జవాబు చిన్నది, ఆమె ప్రశ్న పెద్దది. నేను చెరపకుండా వదిలేసిన మిగతా ప్రశ్న దాని వెనకే వచ్చింది.

"...పొల్ల అవుతలికి పోయింది. ఇగ ఇను బిడ్డా. మూడొద్దుల సంది తలకాయ పలుగుతున్నదంటున్నది. కండ్ల ముంగట పొగ కమ్మినట్టైతున్నదట. నాకు మస్తు భయమైతున్నది. బండి కట్టి తోల్కరానా? జర చెప్పు. నువ్వెట్లంటె అట్ల."

అవ్వ మీట ఆపింది. "నువ్వు భయం లేదంటివి. మొత్తం ఇన్నవనే అనుకున్న. పెట్టె బంద్ చేసిన. పొల్ల పోయినంక పదోనాడు మల్ల ఏస్తె గిది వచ్చింది" అంది.

విచారణ రోజుకే ఈ సంగతి ఆమెకు తెలుసన్నమాట. నేల మీద కూర్చుండిపోయి, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ మీద పావురంతోని కాదు" అంది. నా మీద ప్రేమతో కాదని కఠినంగానే అంది. "నీ మొఖం చూడబుద్ధయితలేదు నాకు. గని నీకంటె ముంగట ఆ కుర్చీ మూడేండ్లు ఖాళీగున్నది. నేను పోతె ఇంకో మంత్రసాని దొరుకుతది. నువ్వు పోతె ఈ అడివికి ఇంకెవలొస్తరు? మల్లొక పొల్ల బండిల వస్తె ఎవలున్నరు?" బిడ్డను చంక మార్చుకుని, "ఈడనే ఉండాలె నువ్వు. బదిలీ అని పోయినవనుకో, నా కోడలు ఊకెనె పోయినట్టు" అంది. క్యాసెట్టు తీసి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే నేను అధికారికి ఉత్తరం రాసి ఉండాలి. కాగితం తీశాను కూడా. మర్నాడు రాద్దామనుకున్నాను. మర్నాడు ఎవరికో పాము కరిచింది, ఆ మర్నాడు ఇంకేదో. మనసులో పిరికితనం ఉంటే పనులు ఎన్నైనా దొరుకుతాయి.

సొంత కోడల్నే బతికించుకోలేనామె అని ఊరు ఆమెను పిలవడం మానేసింది. వాసానికి వేలాడే దారాలు ఒక్కొక్కటే తగ్గాయి. పత్తి ఏరే కూలికి పోయి ఆ పిల్లను సాకింది. అయినా ఏ ఇంట్లోనైనా ఆడపిల్లకు నొప్పులు అడ్డం తిరిగాయని తెలిస్తే, పిలవకపోయినా ఆ వాకిట్లో నిలబడి బండి కట్టమని అరిచేది. తిట్లు తినేది. వాళ్లతో పాటు బండి వెనక నడుచుకుంటూ మా కేంద్రం దాకా వచ్చేది గానీ గడప దాటేది కాదు. వేపచెట్టు నీడన నిలబడి, నేను బయటికి రాగానే ఒక్క మాట అడిగేది: "మొత్తం ఇన్నవా?" అంతే. ఎన్నేళ్లయినా ఆ మాటలో మెత్తదనం రాలేదు. వినేదాన్ని. రోగి చెప్పేది అయిపోయాక కూడా ఇంకా ఏమైనా ఉందా అని ఆగి వినేదాన్ని. నన్ను మంచి డాక్టరని పొగిడినవాళ్లంతా పొగిడింది ఆ ఒక్క గుణాన్నే. అది నాకు ఎట్లా అబ్బిందో ఎవరూ అడగలేదు.

తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాను. తర్వాత మహబూబాబాద్‌కు వేసినప్పుడు, నా చోటికి ఇంకో డాక్టరు వచ్చాకే కదిలాను. వెళ్లేరోజు స్టేజీ దగ్గరికి అవ్వ వచ్చింది. బస్సు కనపడుతుండగా అడిగాను, "అవ్వా, ఇప్పుడన్న చెప్పనా?"

"ఇప్పుడు చెప్తె ఎవలికి లాభం? నీ గుండె అల్కగయితది, గంతే" అంది.

ఆ మాట నన్ను ముప్పై ఏళ్లకు పైగా ఆపింది. ఆపడానికి నాకు ఏదో ఒకటి కావలసి ఉండె, అది దొరికింది అనడం సరైనదేమో. రెండు మూడుసార్లు ఆ ఊరికి పోయాను. చీర పెడితే తీసుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు. మనవరాలి చదువు గురించి చెప్పింది, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

కాంపౌండరు వచ్చి చెప్పిన మర్నాడు నేను బయలుదేరాను. నేను ఎడ్లబండ్ల కోసం ఎదురుచూసిన ఆ రోడ్డు మీద ఇప్పుడు బొగ్గు లారీలు పోతున్నాయి. అవ్వ ఇంటి ముందు షామియానా తీసేశారు. గుంజల గుంతలు ఇంకా పూడ్చలేదు. మనవరాలికి నలభై దాటాయి. ఊళ్లో ఆశా కార్యకర్త. చదవను రాయను రానివాళ్లు ఆమెకు ఫోన్లో మాట్లాడి పంపుతారట. చాప వేసి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

నేను చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, హారను సంగతి, బర్రె సంగతి, విచారణ సంగతి, రాయని ఉత్తరం సంగతి. ఆమె ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అయిపోయాక కూడా కాసేపు ఆగింది, ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు.

"మీది తప్పని అవ్వ ఎన్నడు అనలేదు డాక్టరమ్మా" అంది చివరికి. "ఆ క్యాసెట్టు నాకిచ్చింది. మీ అమ్మ గొంతు దీన్ల ఉండె, దాని మీద డాక్టరమ్మ మాట్లాడిందని చెప్పింది, గంతే. చిన్నప్పుడు రోజు ఏసుకొని ఇన్న. కింద ఏడనన్న అమ్మ గొంతు ఉంటదేమో అని చెవు ఆనిచ్చి ఇన్న. ఎంత ఇన్నా మీ గొంతే వస్తది. భయపడేది ఏం లేదవ్వా అని. దాని ఎనుక అవ్వ గొంతు. రీలు తెగిందాక ఇన్న."

క్షమించమని అడగడానికి కూడా ఏదో ఒక చోటు ఉండాలి. అది నాకు అక్కడ కనిపించలేదు.

"మీరు ఇన్నరు గద" అంది. "ఇన్నోళ్లల్ల మీరొక్కరే మిగిలిన్రు. ఏమన్నది మా అమ్మ?"

"నీకు అవ్వ చెప్పలేదా?"

"అవ్వకు మాటలు రాకపోయేది, అమ్మ ముచ్చట వస్తె."

చెప్పాను. దండం డాక్టరమ్మా అంది. కాళ్లు ఉబ్బినయి, చెప్పులు పడుతలేవు అంది. ఆ మాట అని తానే నవ్వింది, తన కాళ్లు తనకే వింతగా ఉన్నట్టు.

"నవ్విందా?"

"నవ్వింది."

ఆమె నడుముకు దోపుకున్న ఫోన్ తీసి, ఏదో నొక్కి, మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టింది. "అమ్మ ఎట్లన్నదో గట్లనే ఇంకోసారి అనుండ్రి. నవ్విన కాడ నవ్వుండ్రి" అంది. ఫోన్లో ఎర్ర చుక్క వెలిగింది. దాని పక్కన సెకన్లు కదులుతున్నాయి. డాక్టరమ్మా అనబోయి, ఆ పిల్ల గొంతు గుర్తుకు తెచ్చుకుంటూ ఆగాను. నిమిషం దాటింది, రెండు నిమిషాలు దాటాయి. ఆమె ఆపలేదు. నా ముఖంలోకే చూస్తూ, ముందుకు వంగి, వింటూ కూర్చుంది.